చింతపండుతో తోమిన తూటాలు

ఇత్తడి తోమే వాసన నాకు పడదు. ఊరికి వెళ్ళినప్పుడు మా అమ్మ అటక మీది బిందెలు దించిందంటే చాలు, నేను చెప్పులేసుకుని పక్కింటికి వెళ్ళిపోతాను. "కువైటు పోయినాంక దీనికి ఒళ్ళు వంగదు" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఒళ్ళు వంగక కాదు. చింతపండు పులుపూ ఇత్తడీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలితే అక్కడ జాబ్రియాలో ఒక మేడ మీది గది గుర్తొస్తుంది. ఆ గది వెంటే కోపం వస్తుంది. ఇన్నేళ్ళలో చల్లారాల్సిన కోపమే అది. వయసు మీద పడితే అన్నీ మంచి జ్ఞాపకాలవుతాయని పెద్దవాళ్ళు చెబుతారు కానీ, నా విషయంలో ఆ మాట ఇంకా నిజం కాలేదు.

మొన్న మస్తానన్న ఫోను చేసినప్పుడు నేను కువైటులోనే, రిగ్గైలో మా కుట్టుమిషను ముందు కూర్చుని సుద్దముక్కను తిడుతున్నాను. ఈమధ్య సుద్దలు కూడా కల్తీవే వస్తున్నాయి, గుడ్డ మీద గీత గీస్తే గీసిన చోట గీత ఉండదు. టేపులూ అంతే, నాలుగు రోజులకే అంకెలు చెరిగిపోతాయి. కొలతలకు వచ్చిన ఆడవాళ్ళనే "ఎంతుందో నువ్వే చెప్పు తల్లీ" అని అడిగి రాసుకుంటున్నాను. మస్తానన్న మా రాయచోటి మనిషి. నేను ఈ దేశానికి కొత్తగా వచ్చి పనిచేసిన ఇంట్లో అప్పుడూ ఇప్పుడూ ఆయనే డ్రైవరు.

"నాగమ్మా, బాబా పోయినాడు మ్మే" అన్నాడు. "దినాలు గూడా అయిపాయ. ఇంగ ఆ మిద్దె మింద రూము ఖాళీ చేస్తాండారు. మామా నిన్ను రమ్మంటాంది."

"నన్నెందుకన్నా?"

"నాకేం దెల్సు తల్లా. నగ్మాను పిలువు అన్నింది, పిలిచినా. యల్లా, వస్తావా రావా?"

బాబా అంటే ఆ ఇంటి యజమాని, మామా అంటే ఆయన భార్య. ఇళ్ళలో పనిచేసే మేమందరం అలాగే పిలుస్తాం. నాగమ్మ అనే నా పేరు వాళ్ళ నోట్లో తిరగక నగ్మా అయింది. ఆయన పోయాడని వినగానే ఏడుపు రాలేదు, అయ్యో అని కూడా అనిపించలేదు. 'ఇప్పుడైనా కదిలాడు' అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే చిరాకేసింది. వస్తానని చెప్పి మిషను మీద గుడ్డ కప్పాను.

ఆ ఇంట్లో ఏలకుల వాసనతో తెల్లవారేది. మామాకు టీలో ఏలకులు పడాలి, బాబాకు టీ నల్లగా ఉండాలి. పొద్దున్నే కిటికీల అంచుల్లో పేరుకున్న సన్నటి దుమ్ము తుడవడం, పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయిన గదులు కూడా ఎవరో వస్తున్నట్టే రోజూ సర్దడం, మధ్యాహ్నం అన్నం, మాంసం, ఎండు నిమ్మకాయలు కలిసి ఉడికే వాసన, సాయంత్రం మామా నిప్పుల మీద వేసే బుఖూర్ పొగ. చీరకు సాంబ్రాణి పట్టించుకున్నట్టే ఆమె పైన వేసుకునే నల్లటి అబాయాకు ఆ పొగ పట్టించుకునేది. ఇదంతా ఏ ఇంట్లోనైనా ఉండేదే. మిగతా ఇళ్ళలో లేనిది మేడ మీద ఉంది. బాబా పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. ఆయనకు తుపాకుల పిచ్చి. వారానికోసారి మస్తానన్న ఆయన్ను క్లబ్బుకు తీసుకెళ్ళేవాడు, అక్కడ కాగితం మీద గీసిన గుండ్రాలను కాల్చి వచ్చేవాడు. అంతటితో ఆగితే నాకేం పోయింది? ఆ కాల్చిన తూటాల ఖాళీ గుల్లలు ఏరుకొచ్చి, మళ్ళీ కేపు బిగించి, మందు నింపి, కొస గుండు కూర్చి కొత్త తూటాలు తయారుచేసేవాడు. దానికి ఏ అనుమతులు ఉండేవో, ఎవరిచ్చారో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ గదిలో బల్లకు బిగించిన ఇనుప పిడి, అగ్గిపెట్టెంత కాటా, గుంటలు తీసిన చెక్క పళ్ళేలు, ఎప్పుడూ వదలని నూనె వాసన.

"కొనుక్కుంటే దొరకవాన్నా ఈ తూటాలు?" అని మస్తానన్నను అడిగాను వచ్చిన కొత్తలో.

"దొరక్కేం? డబ్బాలు డబ్బాలు దొరుకుతాయి. అయితే అవన్నీ ఒగ మాదిరి ఉండవంట. మందు రవ్వంత ఎక్కువైతే గుండు ఒగపక్క పోతాదంట, తక్కువైతే ఇంగోపక్క. చేత్తో జేసుకుంటే అన్నీ అచ్చుగుద్దినట్ల ఒగటే ఉంటాయంట."

"అయిదు వేళ్ళే ఒక్క మాదిరి ఉండవు గదన్నా."

"ఆ మాట పోయి ఆయప్పకు జెప్పు."

ఆయనకు చెప్పేంత ధైర్యం నాకెక్కడిది? నా పని కాటా పక్కన నిలబడటం. ఆయన చిన్న చెంచాతో మందు తీసి కాటా గిన్నెలో పోసేవాడు. పోసి, తల ఎత్తకుండానే "చమ్?" అనేవాడు. ఎంత అని. నేను వంగి అంకె చదివేదాన్ని. రెండు రవ్వలు తీసేవాడు. "చమ్?" మళ్ళీ చదివేదాన్ని. ఒక రవ్వ వేసేవాడు. "చమ్?" ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. కింద పొయ్యి మీద అన్నం మాడుతున్నా, మామా అరుస్తున్నా, నేను అక్కడినుంచి కదలడానికి లేదు. ఆయన కళ్ళ ముందే ఉన్న అంకెను నేను చదవడమేమిటని మొదట్లో వింతగా ఉండేది. తర్వాత సమాధానపడ్డాను. చెప్పులు కూడా ఎవరో తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాల్సిన మనిషి, అంకెలు మాత్రం తానే ఎందుకు చదువుకుంటాడు? దొరతనం అనుకున్నాను.

ఇంత చేసినా క్లబ్బు నుంచి వచ్చిన కాగితం మీద చిల్లులు చెట్టాపట్టాలేసుకుని ఒకచోట ఉండేవి కావు. సంతలో తప్పిపోయిన పిల్లల్లా తలోదిక్కున ఉండేవి. అప్పుడు మొదలయ్యేది ఆయన విచారణ. ఒక వారం తప్పు ఏసీది. ఏసీ గాలికి కాటా ఊగుతోందట, అందుకని ఏసీ కట్టేశారు. కువైటు ఎండాకాలంలో, మేడ మీద, తలుపులన్నీ బిగించి, నేను చెమటతో తడిసి ముద్దవుతూ అంకెలు చదివాను. చెమట చుక్క మందులో పడుతుందేమోనని దానికీ తిట్టు. ఇంకో వారం తప్పు బట్టలుతికే మిషనుది. అది తిరుగుతుంటే బల్ల అదురుతోందట, అందుకని మందు తూచే పూట ఇంట్లో బట్టలు ఉతకకూడదు. ఇంకో వారం మామా బుఖూర్ పొగ. ఆ మాటకు మామా ముందు నవ్వింది, ఆ తర్వాత నిప్పుల గిన్నె తెచ్చి ఆ గది గుమ్మం ముందే పెట్టి వెళ్ళింది. గుల్లల పొడవు తప్పు, గుండు కూర్చిన లోతు తప్పు, గుండ్లు అమ్మిన కంపెనీ తప్పు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ప్రతిదానిదీ తప్పే, ఆయనది తప్ప.

ఇదంతా నవ్వుకుని వదిలేయాల్సిన ముచ్చటే. నేను నవ్వుకోలేకపోవడానికి కారణం నా బిడ్డ జుట్టు.

భారతిని మా అమ్మ దగ్గర వదిలి వచ్చేటప్పటికి దానికి పుట్టువెంట్రుకలు తీయలేదు. ఏడాదిలోపు తీయించాల్సింది, మా మామగారు పోయి మైల రావడంతో ఆగిపోయింది. ఇక మూడో ఏట తీయాలి. మూడు దాటితే నాలుగో ఏట తీయరు, అయిదు దాకా ఆగాల్సిందే. మా వీరభద్రస్వామి గుడిలో, మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, తల్లి కొంగు పట్టి ఆ వెంట్రుకలు అందుకోవాలి. తల్లి లేకుండా చేయకూడదని కాదు, చేయనని మా అమ్మే పట్టుబట్టింది. భారతి నాన్న కూడా ఈ దేశంలోనే, వఫ్రాలో టమాటా షెడ్లలో పనిచేసేవాడు. అక్కడినుంచి బస్సులు సరిగా ఉండవు, ఇద్దరికీ సెలవు ఒక రోజున పడదు. ఒకే దేశంలో ఉండి ఫోనులో కాపురం చేశాం. ఆయనకు సఫర్ ఇంకా చాలా దూరం ఉంది. సఫర్ అంటే మాకు ప్రయాణం కాదు, సెలవు మీద ఇంటికి పోవడం. నా సఫర్ వచ్చేసింది. ఇవ్వాల్సిన పాస్‌పోర్టు బాబా సొరుగులో ఉంది.

"జడేస్తే అరుస్తాది, ఎయ్యకుంటే ఉండలు గడతాది" అని అమ్మ ఫోనులో వాపోయేది. "ఎండకు నెత్తి నిండా సెగ్గడ్డలు లేసినాయి మ్మే. పేలు. సూసినోళ్ళంతా ఇంగా తియ్యలేదా, ఇంగా తియ్యలేదా అంటాండారు. ఎప్పుడొస్తావే?"

"అడగతాండామ్మా."

"అడిగేదేంది? నీ బిడ్డ ఎంటికలు నువ్వు తీపించుకునేదానికి ఆయప్పను అడిగేదేంది?"

అడగాలి మరి. అడిగాను. బాబా జేబులోంచి రూపాయి బిళ్ళంత వంద ఫిల్సుల నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. దివానియాలో, అంటే సాయంత్రాలు మగవాళ్ళు కూర్చుని కబుర్లాడుకునే ముందుగదిలో, ఎవరో పాత స్నేహితుడు ఆయన్ను ఎగతాళి చేశాడట. నీ గురి పోయిందన్నాడట. అయిదు తూటాలు కాలిస్తే అయిదు చిల్లులూ ఈ నాణెం కింద దాగేలా కాల్చి, ఆ కాగితం తెచ్చి ఆ గోడకు అంటిస్తానని ఈయన అందరి ముందూ మాటిచ్చాడట. అందాకా ఇంట్లోంచి ఎవరూ కదలకూడదు. మామా వేసవి ప్రయాణమూ లేదు, నా సఫరూ లేదు. "ఈ పని అయిన మర్నాడే నీకు టిక్కెట్టు" అన్నాడు. ఎప్పుడవుతుందని అడిగితే "బాచర్" అనేవాడు. రేపు అని. వాళ్ళ భాషలో నేను మొదట నేర్చుకున్న మాటా, మొదట అసహ్యించుకున్న మాటా అదే. నా బిడ్డ నెత్తి మీది జుట్టు ఒక ముసలాయన గురికి ముడిపడి కూర్చుంది. దేవుడికి మొక్కిన వెంట్రుకలకు తుపాకీ ఏమిటి అడ్డమని ఏ దేవుణ్ణి అడగాలో తెలియలేదు.

అందుకే ఆ తూటాలు కుదరాలని ఆయనకంటే నేనే ఎక్కువ తపించాను. గుల్లలు మసి పట్టి ఉన్నాయని ఒక వారం గొడవ. వాటిని శుభ్రం చేసే మిషను ఒకటుండేది, అది పాడైంది. ఇత్తడి కదా, ఇత్తడి తోమడం నాకు తెలియదా? మామా రంజాన్ షర్బత్ కోసం దాచిన చింతపండు కాస్త తీసుకుని నానబెట్టి, ఉప్పు కలిపి, గుల్లలన్నీ ఒక టబ్బులో పోసి తోమాను. మేడ మీద ఎండలో ఆరబోశాను. అవి బంగారంలా మెరిశాయి. మా ఊళ్ళో పెళ్ళికి తోమిన చెంబులు కూడా అలా మెరవలేదు. ఆ మెరుపు చూసి మురిసిపోతున్నప్పుడే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ గుల్లలను ఆయన రకాలుగా విడదీసి పెట్టుకున్నాడు. ఒకసారి కాల్చినవి, ఎక్కువసార్లు కాల్చినవి, బరువైనవి, తేలికవి. గుర్తు కోసం అడుగున ఎరుపు, నీలం, పచ్చ రంగులు పూశాడు. నా చింతపండు మసితో పాటు రంగులనూ తినేసింది. అన్నీ ఒక్కలా ఉండాలని ఆయన కోరిక కదా, చూడటానికి ఒక్కలాగే ఉన్నాయి, కానీ ఏది ఏ రకమో ఇక బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

పరుగెత్తుకెళ్ళి మామాతో చెప్పేశాను. ఆమె ముందు చింతపండు సంగతికే మండిపడింది. "నా షర్బత్‌తో తుపాకీ కడిగావా?" అంది. తర్వాత గుల్లలు చూసింది. చూసి, నా మొహం చూసి, వేలు పెదవి మీద పెట్టింది. "మాట్లాడకు. ఆయన అడిగితే చూద్దాం." బాబా వచ్చాడు. ఒక గుల్ల చేతిలోకి తీసుకున్నాడు, వేళ్ళతో తడిమాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "జైన్" అన్నాడు. బాగుంది అని. అంతే. రంగులేవీ అని అడగలేదు. వీరభద్రుడే కాపాడాడని కొబ్బరికాయ మొక్కుకున్నాను.

ఆ తర్వాత చిల్లులు ఇంకా చెదిరాయి. చెదరవా మరి! కానీ అంతకుముందు మాత్రం ఎప్పుడు కుదిరాయి? భారతికి మూడో ఏడు ముగిసిపోతున్న వారం, నా చేత పూటంతా అంకెలు చదివించి చేసిన తూటాలు పట్టుకుని క్లబ్బుకు వెళ్ళాడు. మస్తానన్న తెచ్చిన కాగితం నేనే లాక్కుని చూశాను. నాణెం పెట్టి చూశాను. నాలుగు చిల్లులు దాని చుట్టుపక్కల ఉన్నాయి, అయిదోది కాగితం మూలకు పోయింది. బాబా నావైపు చూడకుండా "బాచర్" అన్నాడు.

నాలో ఏదో తెగిపోయింది. దివానియాలో మనుషులున్నారని కూడా చూడలేదు. నోటికొచ్చిన తెలుగంతా తిట్టాను. "నీ తూటాలు తగలబడ, నీ నాణెం నీళ్ళల్లో కలవ, నా బిడ్డ నెత్తి పుండ్లు పడి ఏడస్తాంటే నీకు ఆటగా ఉండాదా? నా బిడ్డ ఎంటికలకు అడ్డం పడేదానికి నువ్వెవడ్రా?" ఇంకా రాయలేనివీ అన్నాను. బాబా నెమ్మదిగా మస్తానన్న వైపు తిరిగి, ఏమంటోంది అని అడిగాడు. మస్తానన్న, వాళ్ళ బిడ్డకు జుట్టు సమస్యగా ఉందట, దానికి బాధపడుతోంది అని చెప్పాడు. బాబా చాలాసేపు ఆలోచించాడు. మర్నాడు నా గది ముందు ఒక సంచీ ఉంది. అందులో షాంపూ సీసాలు. మంచి ఖరీదైనవి. ఆ మనిషి చెడ్డవాడైతే నా కోపానికి దారి సులువుగా ఉండేది. ఆ షాంపూ సీసాలను ఏం చేయాలో తెలియక వాటి ముందు కూర్చుని ఏడ్చాను.

చివరికి పంపింది మామానే. బాబా వఫ్రాలో తమ్ముడి తోటకు వెళ్ళిన రోజు సొరుగు తీసి పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. "వెళ్ళు. ఈ ఇంటికి మళ్ళీ రాకు. ఖలాస్" అంది. అప్పటికి భారతికి నాలుగో ఏడు వచ్చేసింది. ఊళ్ళో దిగేసరికి నడుము దాకా జుట్టుతో ఒక పిల్ల మా అమ్మ చీర చాటున నిలబడి ఉంది. చేతులు చాపితే రాలేదు. "ఎవురవ్వా ఈయమ్మ?" అని మా అమ్మను అడిగింది. నేను ఆ జుట్టుకు షాంపూ పెట్టి స్నానం చేయించాను. అది ఊరంతా వినపడేలా ఏడ్చింది.

వేరే వీసా మీద కువైటులోనే ఇంకో ఇంటికి పనికి వచ్చాను. భారతికి అయిదో ఏడు వచ్చేనాటికి నేను ఆ కొత్త ఇంట్లో కొత్త మనిషిని, సఫర్ అడిగే హక్కు రాలేదు. అమ్మ కూడా ఇక ఆగనంది. మా తమ్ముడు శీను ఒడిలో కూర్చోబెట్టి, అమ్మే కొంగు పట్టి పుట్టువెంట్రుకలు తీయించారు. "ఎట్లుండె మా? ఏడ్సిందా?" అని ఫోనులో అడిగాను. "ఏడ్సేదేంది? నవ్వతానే కూసున్నింది. నువ్వేం రందిపెట్టుకోవాకు" అంది అమ్మ. ఆ నవ్వును పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను. ఈమధ్య ఇంటికి రంగులు వేస్తుంటే ఆనాటి ఫొటో దొరికిందని భారతి దాన్ని ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపింది. అగ్గిపెట్టెంత పాత ఫొటో, మసకగా వచ్చింది. గుండు, గంధం, తెరిచిన నోరు. నవ్వుతోంది.

ఇన్ని తలుచుకుంటూ జాబ్రియా చేరేసరికి నా మనసు ఏమీ మంచిగా లేదు. మామా బాగా కుంగిపోయింది. నన్ను పట్టుకుని బుగ్గలు ముద్దు పెట్టుకుంది. తుపాకులు, మందు కొడుకులు ముందే అధికారులకు అప్పజెప్పేశారట. గదిలో బల్ల, ఇనుప పిడి, కాటా, చెక్క పళ్ళేల్లో ఖాళీ గుల్లలు మిగిలాయి. గుల్లలు నల్లబడ్డాయి. అంటే నేను తోమిన తర్వాత ఎవరూ తోమలేదు. మామా మాట్లాడేది అరబ్బీ, నాది అరబ్బీ, హిందీ, తెలుగు కలిసిన కిచిడీ. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"నువ్వు వెళ్ళాక ఆయన మళ్ళీ ఒక్క తూటా కూడా చేయలేదు, తెలుసా?" అంది.

"నాణెం పందెం ఏమయింది మామా?"

"ఏ నాణెం? ఆయనకు నాణెమే కనపడేది కాదు." ఆమె కాటా మీది దుమ్ము చేత్తో తుడిచింది. "రెండు కళ్ళలోనూ పొర. డాక్టరు ఆపరేషను అన్నాడు, ఈయన భయపడ్డాడు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు అంకెలు చదివితేనే ఆయన ఆ గదిలో కూర్చోగలిగేవాడు. నువ్వు వెళ్ళిపోతే ఆయనకు కనపడదని దివానియా అంతటికీ తెలిసిపోతుంది. అందుకే నీకు సఫర్ ఇవ్వలేదు."

ఆమె చెబుతూనే ఉంది. నేను వెళ్ళిన తర్వాత కాటా పక్కన ఎవరూ లేరు. కొన్నాళ్ళు ఆ గదిలో ఊరికే కూర్చున్నాడట. ఆ తర్వాత తానే అడిగి ఆపరేషను చేయించుకున్నాడట. కట్లు విప్పిన రోజున మేడ ఎక్కి, ఒక గుల్ల తీసి వెలుతురులో పెట్టి చూసి, వీటి రంగులేమయ్యాయని అడిగాడట. ఎప్పుడో పోయాయి, నగ్మా చింతపండుతో కడిగేసింది అని మామా చెప్పిందట.

"ఏమన్నాడు?"

"ఆ గుల్ల మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. నగ్మా బిడ్డ జుట్టు సంగతి ఏమయిందని అడిగాడు. నాకు తెలియదన్నాను. తర్వాత తలుపు వేసి కిందికి దిగాడు."

నేను క్షమించానని రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. క్షమించలేదు. మేడ మీద ఏసీ లేకుండా చెమటలు కక్కుతూ నేను చదివిన ప్రతి అంకే ఒక మనిషి సిగ్గును దాచడానికని తెలిశాక కోపం ఇంకా పెరిగింది. ఒక్క మాట చెబితే పోయేది కదా! చెప్పినా నేను నవ్వేదాన్నా? అంకెలు చదివే మనిషి ఈ దేశంలో దొరకనే దొరకదా? మామా నన్ను చూసి, "నేనైనా నీకు చెప్పి ఉండాల్సింది" అంది. అవును, చెప్పి ఉండాల్సింది అన్నాను. ఆమె తల దించుకుంది. వెళ్ళేటప్పుడు ఒక గుల్ల నా చేతిలో పెట్టింది. వద్దనడానికి కూడా ఓపిక లేక సంచిలో వేసుకున్నాను.

దారిలో మస్తానన్న అన్నాడు, "ఇప్పటోళ్ళకు ఇయ్యేం లేవు మ్మే. పొద్దన లేస్తే బిడ్డను ఫోన్లో సూసుకుంటారు. మన కాలంలో గొంతు ఇంటే అదే బాగ్యం." నిజమే. ఇప్పుడు వచ్చే పిల్లలు వీడియోలో అన్నప్రాసనలు చేయిస్తున్నారు, గుండ్లు గీయిస్తున్నారు, ఫోను పట్టుకున్నవాళ్ళను ఇటు తిప్పు అటు తిప్పు అని గదమాయిస్తున్నారు. వాళ్ళను చూస్తే సంతోషమూ వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. భారతి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. అంత జుట్టు ఎందుకమ్మా, విసుగు అంటుంది.

మర్నాడు ఒకామె జాకెట్టు కొలతలకు వచ్చింది. టేపు ఆమె భుజం మీద పెట్టి, అలవాటుగా "ఎంతుందో చెప్పు తల్లీ" అన్నాను. అని, ఆగిపోయాను. నా నోట్లోంచి వచ్చిన ఆ మాట "చమ్?" అన్నట్టే వినపడింది. సుద్ద, టేపు, ట్యూబులైటు, వీటిలో దేన్నీ నేను తిట్టకుండా వదల్లేదని అప్పుడు తట్టింది. ఆమెను పంపించి, మిషను మూసి, వీధి చివర ఉన్న కళ్ళద్దాల దుకాణానికి నడిచాను. దుకాణం హైదరాబాదు ముసల్మాను పిల్లవాడిది. గోడ మీద అక్షరాలు చూపించి చదవమన్నాడు. పై వరుసలు చదివాను. కింది వరుస దగ్గర ఏదో ఒకటి ఊహించి చెప్పేయబోయాను. నోటిదాకా వచ్చింది. ఆపుకుని, "నాకు కనపడటం లేదు బాబూ" అన్నాను. అంత తేలిక. ఆ పిల్లవాడు "కోయీ బాత్ నహీఁ అమ్మా" అని అద్దం మార్చాడు. కనపడటం లేదన్న ఈ ఒక్క మాట బాబా అనలేకపోయినందుకే నా బిడ్డ మూడో ఏడు పోయింది.

అద్దాలు వచ్చిన రోజున మొదట టేపు చూశాను. అంకెలు ఎక్కడికీ పోలేదు. సుద్ద గీత గీసిన చోటే ఉంది. ఆ తర్వాత ఫోను తీసి భారతి పంపిన ఫొటో తెరిచాను, వేళ్ళతో పెద్దది చేశాను. శీను ఒడి, గంధం పూసిన గుండు, కింద పరిచిన చాప, అమ్మ కొంగులో జుట్టు. బిడ్డ నోరు తెరిచి ఉంది. కళ్ళ కింద తడి చారలున్నాయి. రెండు చేతులూ ముందుకు చాచి, ఫొటోలో లేని ఎవరినో పిలుస్తోంది.

భారతికి ఫోను చేశాను. "ఆ పొద్దు నువ్వు ఏడ్సినావు గదే" అన్నాను.

"గుండు గీస్తాంటే పిల్లోళ్ళు ఏడవరామ్మా?" అని నవ్వింది. "ఫొటో పంపి ఇన్నాళ్ళయింది, ఇప్పుడు సూసినావా?"

ఇప్పుడే చూశానని చెప్పి ఫోను పెట్టేశాను. కాసేపు అద్దాలు తీసి పక్కన పెట్టాను.